రోడ్డువైపు గది

పోయిన వారం నేను పాఠాలు చెప్పే బడిలో ఒక గదికి కొత్త హంగులు అమర్చారు. గోడకి పెద్ద తెర, కిటికీలకు మందపాటి పరదాలు, గోడల చుట్టూ చప్పుడు పీల్చుకునే మెత్తటి అట్టలు. సైన్సు చెప్పే కుర్ర మేడం ఒకామె ఉంది, మంచి పిల్ల, నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి వెనక బెంచీలో కూర్చోబెట్టింది. దీపాలు ఆర్పింది. తెర మీద గుండెకాయ ఎర్రగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఎంత బాగుందో చెప్పలేను. ఆ పిల్ల చీకట్లో అటూ ఇటూ తిరుగుతూ ఏదో వివరిస్తోంది. నా రెండు చెవుల్లో వినికిడి మిషన్లున్నాయి, వాటి పని అవి చేస్తూనే ఉన్నాయి గానీ, మొహం కనిపించని మాట నాకు ఇప్పటికీ సగం మాటే. ఒక్క లైటు వెయ్యమని అడిగాను. వేస్తే బొమ్మ కనబడదంది. ఆమె చెప్పిందీ నిజమే. పిల్లలు బొమ్మ కోసం చూస్తున్నారు, నేనొక్కదాన్నే నోటి కోసం వెతుక్కుంటున్నాను. కాసేపటికి విసుగొచ్చి వరండాలోకి వచ్చేశాను. నాకు విసుగు తొందరగా వస్తుంది, ఇంట్లో అందరూ ఒప్పుకునే సంగతే అది. నచ్చని మాటలు నాకు అసలు వినబడవని మావారు పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టారు. ఆ రోజు మాత్రం ఆ విసుగు వెనకాలే పిన్ని గుర్తొచ్చింది, గుర్తొచ్చి మరి కదల్లేదు.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు కాదు. చిన్నప్పుడు భిలాయి ఫ్యాక్టరీల మధ్య, హథ్‌ఖోజ్ దగ్గర మేం ఉండే రేకులిళ్ళ వరసలో మాకు రెండిళ్ళ అవతల ఉండేది. వాళ్ళది విజయనగరం వైపు, మాది శ్రీకాకుళం వైపు. భిలాయిలో చుట్టరికం కలుపుకోడానికి ఆ మాత్రం చాలు. ఇంటి దగ్గర పిన్ని, బడిలో మాకు పాఠాలు చెప్పే దీదీ. బడి గడప దాటగానే వరస మార్చేసుకోవాలి. ఒకసారి నోరు జారి క్లాసులో పిన్నీ అన్నాను. మా క్లాసులో ఉన్న పంజాబీ పిల్లకి పిన్ని అంటే నెయ్యి కారే మిఠాయి ఉండ. ఆ పిల్ల నవ్విన నవ్వు నెలరోజులపాటు నన్ను వదల్లేదు. పిన్ని పొడుగ్గా, చామనచాయగా ఉండేది, చీర కుచ్చిళ్ళ మీద ఎప్పుడూ సుద్ద పొడి. ఆవిడ భర్తని బాబాయి అనేవాళ్ళం. బాబాయి ఉక్కు ప్లాంటులో ఠేకేదారు కింద, అంటే కాంట్రాక్టరు దగ్గర, పనిచేసేవాడు. పైన క్రేను నడిపే మనిషికి కింద నిలబడి చేతులతో సైగలు చేసే పని ఆయనది. అక్కడి హోరులో నోటి మాటకి విలువ లేదు. చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే ఎత్తమని, కిందికి చూపించి తిప్పితే దించమని, అరచెయ్యి బోర్లించి అడ్డంగా ఊపితే ఆపమని. రెండు చేతులూ పొట్ట దగ్గర కలిపి పట్టుకున్నాడంటే ఉన్నది ఉన్నట్టు ఉంచు, ఏదీ కదపకు అని. ఆయన ఇంటి దగ్గర కూడా అన్నం వడ్డించేటప్పుడు పిన్నికి అరచెయ్యి ఊపే చూపించేవాడు, చాలని.

మేం చదువుకున్న బడి అప్పట్లో ఒక పాత వర్క్‌షాపు షెడ్డులో నడిచేది. రేకుల కప్పు, ఒకవైపు గోడ. ఆ గోడకి అవతల ఫోర్జింగ్ షాపు. అందులో ఎర్రగా కాల్చిన ఇనుప ముక్కల మీద పెద్ద మరసుత్తి పొద్దుటి నుంచి పడుతూనే ఉండేది. ఆ సుత్తి దగ్గర పనిచేసేవాళ్ళలో మా నాన్న ఒకడు. సుత్తి పడ్డప్పుడల్లా మా బెంచీలు అదిరేవి, బల్ల మీద పెన్సిలు తనంతట తనే నడిచేది. నాకు ఆ దెబ్బ చెవిలో కంటే అరికాళ్ళలో బాగా తెలిసేది. నాన్న గోడ అవతల ఉన్నాడని అరికాళ్ళతో తెలుసుకోవడం నాకెంతో ధైర్యంగా ఉండేది. వేసవిలో రేకులు కాలిపోయేవి, వానాకాలంలో వాన చప్పుడుకి సుత్తి కూడా ఓడిపోయేది. ఇప్పుడెవరైనా అలాంటి చోట బడి పెడితే మర్నాడే పేపర్లో పడుతుంది. పెట్టకూడదు కూడా. ఆ షెడ్డు మంచిదని చెప్పడానికి నేనిదంతా రాయడం లేదు.

కానీ ఆ షెడ్డులో పిన్ని పాఠం చెప్పే తీరు ఒకటుండేది. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య దొరికే సందులోనే మాట పడాలి కాబట్టి ఆవిడ అనవసరమైన మాట ఒక్కటీ మాట్లాడేది కాదు. ముందు నల్లబల్ల మీద రాసేది. రాసేటప్పుడు మాట్లాడేది కాదు, మాట్లాడినా దండగ. రాయడం అయ్యాక మా వైపు తిరిగి, మా మొహాలు చూసి, పెదవులు పూర్తిగా తెరిచి చెప్పేది. మిగతాదంతా బాబాయి దగ్గర నేర్చిన సైగలే. వేలు పైకి తిప్పితే ఎవరి వంక చూసిందో వాళ్ళు లేచి జవాబు చెప్పాలి, కిందికి తిప్పితే కూర్చోవాలి. అరచెయ్యి ఊపితే గోల ఆపాలి. ఇక పొట్ట దగ్గర చేతులు కలిపే సైగ ఆవిడ తనకోసం ఉంచుకోలేదు, మాకిచ్చేసింది. పాఠం అర్థం కాని పిల్ల లేచి నిలబడి అందరిముందూ చెప్పుకోనక్కర్లేదు. చేతులు రెండూ కలిపి పట్టుకుంటే చాలు. ఆవిడ చూసి, ఆగి, మళ్ళీ మొదటినుంచి చెప్పేది. నేను ఇన్నేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను, ఎన్ని శిక్షణలకో వెళ్ళాను, అర్థం కాలేదని చెప్పడాన్ని అంత తేలిక చేసిన మనిషిని మళ్ళీ చూడలేదు. ఆ షెడ్డులో నేను మరీ మొదటి వరస తెలివిగలదాన్ని కాదుగానీ, లెక్కల్లో నన్ను మించినవాళ్ళు ఒకరిద్దరే ఉండేవారు.

నేను ఐదో తరగతికి వచ్చేసరికి బడికి దశ తిరిగింది. ఎవరో పుణ్యాత్ముడు నెహ్రూ నగర్‌లో స్థలమిచ్చాడు. రెండంతస్తుల భవనం, ట్యూబులైట్లు, ఫ్యాన్లు, కళ్ళకి చల్లగా ఉండే ఆకుపచ్చ బోర్డులు. మా అమ్మావాళ్ళు ప్రారంభోత్సవానికి పట్టుచీరలు కట్టుకుని వచ్చి గోడలు నిమిరి చూశారు. మమ్మల్ని రోజూ ఒక ఆటోలో కుక్కి తీసుకెళ్ళేవారు. కొత్త ప్రిన్సిపాల్‌గారు ఎక్కడో పెద్ద బడిలో పనిచేసి రిటైరయిన మనిషి. నిదానస్తుడు, పిల్లల మీద చెయ్యెత్తి ఎరగడు. ఆయనకి ఉన్న పట్టింపల్లా నిశ్శబ్దం. మెట్ల దగ్గర, వరండాలో, ప్రతి గుమ్మం పైనా నిశ్శబ్దం పాటించమని హిందీలో రాయించాడు. మొదటివారంలోనే పిన్ని క్లాసుకొచ్చి, ఆవిడ సైగలు చెయ్యడమూ, మేం చేతులు తిప్పుతూ జవాబివ్వడమూ చూశాడు. బయటికి పిలిచి మెల్లగానే, "యే స్కూల్ హై దీదీ, కార్ఖానా నహీ," అన్నాడట. ఇది బడి, కార్ఖానా కాదని. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? షెడ్డు వదిలి వచ్చింది అందుకే కదా. పిన్ని సిగ్గుపడిందని అమ్మతో చెప్పుకోగా తరవాత విన్నాను. ఆ రోజు నుంచి చేతులు దించేసింది.

అప్పటినుంచి క్లాసు అందరి క్లాసుల్లాగా మారింది. పిన్ని బోర్డు మీద రాస్తూనే మాట్లాడేది. బెంచీల మధ్య నడుస్తూ వెనకనుంచి డిక్టేషన్ చెప్పేది. కిటికీకి వీపు పెట్టి నిలబడేది, వెలుతురు వెనకుంటే మొహం నల్లగా కనిపించేది. ఆవిడకీ ఎన్నేళ్ళకో గొంతు చించుకోకుండా పాఠం చెప్పే భాగ్యం దొరికింది మరి. పిల్లలందరూ హాయిగా వింటున్నారు. నాకు మాత్రం ఏమైందో నాకే తెలియలేదు. ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు గానీ, నాకు వినబడదన్న సంగతి నాకు తెలియదు. మాటలు అందరికీ మొహాల మీదే ఉంటాయనీ, మొహం అటు తిప్పుకుంటే ఎవరికీ అందవనీ అనుకునేదాన్ని. అందుకని నాకు తోచిన అర్థం ఒకటే. పిన్నికి నా మీద కోపం వచ్చింది. మిగతావాళ్ళతో మాట్లాడుతోంది, నాతో మానేసింది. ఏం తప్పు చేశానా అని ఎంత ఆలోచించినా తెలిసేది కాదు. ఇంటి దగ్గర మాత్రం గడపలో కూర్చోబెట్టుకుని జడ వేస్తూ మామూలుగానే ఉండేది. జడ వేసేటప్పుడు ఆవిడ నా వెనక కదా ఉండేది, ఏం మాట్లాడేదో నాకు తెలియదు.

డిక్టేషన్లో సున్నాలు మొదలయ్యాయి. లెక్కలు కూడా నోటితో చెప్పి చేయించేవి తప్పిపోయేవి. పక్కపిల్ల పలకలోకి చూస్తున్నానని వేరే కూర్చోబెట్టారు. ఇంట్లో అమ్మ దిష్టి తీసింది, ఎర్రనీళ్ళు వీధిలో పారబోసింది. ఐదో తరగతికి అప్పుడు బోర్డు పరీక్ష ఉండేది. కొత్త భవనంలో మొదటి బ్యాచి, ఒక్కరు తప్పినా బడికి మాట వస్తుంది. ప్రిన్సిపాల్‌గారు నాన్నని పిలిపించారు. నాన్న పని బట్టల్లోనే, నూనె మరకలతో వచ్చి నిలబడ్డాడు. ఈ సంవత్సరం పిల్లని పరీక్షకి కూర్చోబెట్టడం కష్టం, బుర్ర మందంగా ఉంది, ఇంట్లో ఉంచుకుంటే మంచిదని ఆయన బహు మర్యాదగా చెప్పారు. నాన్న మామూలుగా మాట్లాడినా ఊరంతా వినబడేది. సుత్తి దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసిన గొంతు, చెవులూ. "మా గుంటకి బుర్ర నేదంటే నాను ఒప్పుకోను సార్," అన్నాడు. ప్రిన్సిపాల్‌గారు కళ్ళు చిట్లించి గోడ మీద తను రాయించిన అక్షరాల వంక చూశారు. అంతమాట అన్న నాన్న కూడా ఇంటికి వచ్చాక చల్లబడిపోయాడు. నెలాఖరున నా పేరు తీయించెయ్యాలని, నేను ఇంట్లో అమ్మకి సాయంగా ఉండాలని నిర్ణయమైపోయింది. నన్నెవరూ అడగలేదు.

ఆ నెలలోనే బడి ఆవరణలో బోరు వేయించడం మొదలుపెట్టారు. లారీ మీద యంత్రం వచ్చి సరిగ్గా మా కిటికీ కింద నిలబడింది. అది భూమిలోకి దిగుతుంటే గోడలు గజగజలాడాయి. మిగతా క్లాసుల్లో బొమ్మలు వేసుకోమని వదిలేశారు. పిన్ని కాసేపు చూసింది. తరవాత, ఆలోచించి చేసిందో అలవాటు మీద చేసిందో తెలియదు, బోర్డు మీద భిన్నాల లెక్క రాసి, సుద్దముక్క పెట్టేసి, మా వైపు తిరిగింది. పెదవులు పూర్తిగా తెరిచింది. వేలు పైకెత్తి తిప్పింది. నాకు అరికాళ్ళ కింద నేల అదురుతోంది, ఎదురుగా పిన్ని మొహం మొత్తం కనిపిస్తోంది, ఆవిడ నాతో మళ్ళీ మాట్లాడుతోంది. నా చెయ్యి ఎప్పుడు లేచిందో నాకు తెలియదు. బోర్డు దగ్గరికి వెళ్ళి లెక్క చేశాను. ఇంకోటి ఇచ్చింది, అదీ చేశాను. కొత్తగా చేరిన నెహ్రూ నగర్ పిల్లలు ఏమీ వినబడక బిక్కమొహాలు వేసుకుని కూర్చున్నారు. బోరువాళ్ళు టీకని యంత్రం ఆపారు. పిన్ని అలవాటుగా కిటికీ వైపు తిరిగి మాట్లాడటం మొదలుపెట్టింది. నేను చెయ్యి దించేసి, చేతులు రెండూ పొట్ట దగ్గర కలిపి పట్టుకుని నిలబడిపోయాను. ఆ బడిలో ఆ సైగ మానేశామని కూడా నాకు గుర్తులేదు.

ఆవిడ నా చేతుల వంక, ఆగిపోయిన యంత్రం వంక చూసింది. పిల్లలందర్నీ వాళ్ళ పని చేసుకోమని చెప్పి నా వెనక్కి వెళ్ళింది. అక్కడ నిలబడి నన్ను పేరు పెట్టి పిలిచిందట, ఒకసారి కాదు. క్లాసంతా తలెత్తి చూసింది, నేను మాత్రం బోర్డు మీద నా లెక్కనే చూసుకుంటున్నాను. తరవాత నా ఎదురుగా వచ్చి వంగి కూర్చుంది. చీర కొంగు తీసి ముక్కు కింద నుంచి నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు కదలడం కనిపించింది. కళ్ళు కనిపించాయి. అంతే. ఆడుకుంటోందనుకుని నవ్వాను. కొంగు దించేసరికి ఆవిడ మొహం చూసి నా నవ్వు ఆగిపోయింది. బడిలో ఎన్నడూ తెలుగు మాట్లాడని మనిషి, అందరి ముందూ నా రెండు చెంపలూ పట్టుకుని, "ఇన్నాళ్ళూ నా నోరు సూసే సదువుకున్నావేటే తల్లీ," అంది. ఆ మాట ఒక్కొక్క అక్షరమూ నేను చూశాను.

ఆ సాయంత్రం మా ఇంటి ముందు పిన్ని అదే పరీక్ష నాన్న కళ్ళెదుట మళ్ళీ చేసింది. అమ్మ ఏడ్చింది. నాన్న పిన్నికి నవారు మంచం వాల్చాడు. "మా ఇంట్లో అందరం అరుసుకునే మాటాడుకుంతాం గదమ్మా. మాకెలా తెలుస్తాది?" అన్నాడు. అదీ నిజమే. సుత్తి దగ్గర పనిచేసేవాళ్ళ ఇళ్ళలో మెల్లగా మాట్లాడేవాళ్ళుండరు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, భుజం తట్టి, గట్టిగా అరిచి చెప్పుకోవడమే వాడుక. ఆ వాడుకలో నా లోటు ఎక్కడా బయటపడలేదు. నా మాట కాస్త ముద్దగా ఉంటే గారాబం అనుకున్నారు. దుర్గ్ సర్కారు ఆసుపత్రి డాక్టరు చిన్నప్పటి జ్వరం వల్ల కావచ్చన్నాడు. జేబులో పెట్టుకునే పెట్టె, దానికి తీగ ఉన్న మిషనొకటి ఇప్పించారు. అది మాటనీ హారన్నీ ఒకే తీరున చెవిలో పోసేది. నాకు తలనొప్పి వస్తుంటే అమ్మ దాన్ని బీరువా మీద పెట్టేసింది.

నాన్న నా పేరు తీయించే ఆలోచన మానుకున్నాడు. పిన్ని ప్రిన్సిపాల్‌గారి దగ్గరికి వెళ్ళి నా సంగతి చెప్పి, సైగలకి అనుమతి అడిగింది. ఆయన జాలిపడ్డాడు, కానీ ఒక్క పిల్ల కోసం క్లాసు తీరు మార్చలేనన్నాడు. తనిఖీకి వచ్చేవాళ్ళు చూస్తే నవ్వుతారన్నాడు. అలాంటి పిల్లలకి వేరే బడులుంటాయి కదా అనీ అన్నాడు. ఆ వేరే బడి ఎక్కడుందో ఆయనకీ తెలియదు. కింద అంతస్తులో రాయపూర్ రోడ్డు వైపు ఒక గది ఉండేది. ఎదురుగా లారీలు గేర్లు మార్చే మలుపు, బస్సులు ఆగే చోటు. పొద్దుట పది నుంచీ హారన్ల మోత. ఏ టీచరూ ఉండలేక అందులో విరిగిన బెంచీలు పడేశారు. ఆ గది తన క్లాసుకి ఇప్పించమని పిన్ని అడిగింది. పైన చల్లటి గది వదులుకుని ఎందుకని ఆయన ఆశ్చర్యపోయాడు. "అక్కడ నోటితో చెబితే ఎవరికీ వినబడదు సార్. చేతులు వాడక తప్పదు. తనిఖీకొచ్చినోళ్ళు కూడా నవ్వరు," అని హిందీలోనే చెప్పిందట. ఆయన సొరుగులోంచి తాళంచెవి తీసి తనే వచ్చి గది తెరిచాడని పిన్ని చెప్పేది. ఆ మనిషి గురించి చెడ్డగా అనుకోవడం ఆ తరవాత నావల్ల కాలేదు.

నెహ్రూ నగర్ తల్లిదండ్రులు గొడవ చేశారు. చెయ్యరా మరి, వాళ్ళ పిల్లలు దుమ్ములో, హారన్ల మధ్య కూర్చోవాల్సి వచ్చింది. వాళ్ళకి సైగలు కొత్త, వాళ్ళకోసం పిన్ని గొంతెత్తి కూడా చెప్పేది. నాకు చేతులతో, వాళ్ళకి గొంతుతో. సాయంత్రానికి ఆవిడ పెదవులు కదిలే తీరు చూస్తే ఎంత అలిసిపోయిందో నాకు తెలిసిపోయేది. నేను బోర్డు పరీక్ష సెకండ్ డివిజన్‌లో పాసయ్యాను. ఎవరూ దండలు వెయ్యలేదు. నాన్న మాత్రం ఆ రోజు సుత్తి దగ్గర అందరికీ సమోసాలు పంచాడు. నేను వెళ్ళిపోయాక కూడా పిన్ని ఆ గది వదల్లేదట. ఏటా జూలైలో బడి తెరవగానే కొత్త పిల్లల్ని ఒక్కొక్కర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టి పేరు అడిగేదట.

మంచి మిషన్లు నా చెవుల్లోకి వచ్చేసరికి నాకు ఉద్యోగమొచ్చింది, పెళ్ళయింది. పిన్నీ బాబాయీ అప్పటికి భిలాయి దగ్గర కుమ్హారిలో చిన్న ఇల్లు కట్టుకుని ఉంటున్నారు. మిషన్లు పెట్టించుకున్న ఆదివారమే బస్సెక్కాను. ఆవిడ గొంతు ఎలా ఉంటుందో వినాలని. తలుపు తీసింది, నన్ను చూసి మాట్లాడింది. రంపంతో కోస్తున్నట్టు బొంగురుగా, మాట సగంలో గాలి అయిపోతూ వచ్చింది. నా మొహంలో ఏం కనిపించిందో గానీ ఆవిడకి వెంటనే అర్థమైంది. గొంతులో ఏవో కాయలు కాశాయని, ఎక్కువ మాట్లాడొద్దని డాక్టరు చెప్పాడని బాబాయి చెప్పాడు. పిన్ని నా పక్కన కూర్చుని, "ఈ గొంతు కాదే నాది. అప్పుడు బాగుండీది. పెళ్ళిళ్ళకి పిలిసి మరీ పాడించుకునీవోరు," అంది. నవ్వుతూనే అంది. ఆ గొంతంతా ఆవిడ ఎక్కడ ఖర్చుపెట్టిందో మా ఇద్దరికీ తెలుసు. కాసేపటికి ఆవిడ అలవాటుగా చేతులతోనే మాట్లాడటం మొదలుపెట్టింది, నేనూ చెవుల్లో మిషన్లు పెట్టుకుని ఆవిడ చేతుల్ని చూస్తూ కూర్చున్నాను.

నిన్న ఆ సైన్సు మేడంని అడిగి కొత్త గదిలో తెర పక్కన చిన్న దీపం ఒకటి పెట్టించాను, చెప్పేవాళ్ళ మొహం మీద పడేలాగా. బొమ్మ కాస్త వెలిసినట్టు కనిపిస్తోందని పిల్లలు సణిగారు. సణగనీ. వెనక బెంచీలో ఒక పిల్ల మాత్రం తెర వదిలేసి ఆమె మొహమే చూస్తోంది. రేపు ఆ పిల్ల ఎదురుగా కూర్చుని నోటికి కొంగు అడ్డం పెట్టుకోవాలి. ఇంటికొచ్చి ఇది రాస్తుంటే కుమ్హారిలో ఆ మధ్యాహ్నం మళ్ళీ గుర్తొచ్చింది. పిన్ని ఆ బొంగురు గొంతుతో తన పాత గొంతు గురించి చెబుతున్నప్పుడు నా చేతులు రెండూ వాటంతట అవే ఒళ్ళో కలుసుకున్నాయి, ఉన్నది ఉన్నట్టు ఉంచమని. ఆ సైగ చేస్తే పిన్ని ఎప్పుడూ ఆగేది, ఆగి మళ్ళీ మొదటినుంచి చెప్పేది; కాలానికి మాత్రం ఆ సైగ ఎవరూ నేర్పలేదు.